కంప్యూటర్ కుంపటి మొరాయిస్తే

అమెరికా పెరళ్లలో పెల్లెట్ గ్రిల్ ఆగిపోయినప్పుడు తప్పు చాలాసార్లు సర్క్యూట్ బోర్డుది కాదు. బూడిదది, తేమది. కంగారులో మళ్లీ స్విచ్ వేయడమే అసలు ప్రమాదం

డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల వేసవి వారాంతాల్లో తెలుగువాళ్ల పెరళ్లలోంచి లేచే పొగకు ఇప్పుడు రెండు వాసనలు. ఒకటి తందూరీ మసాలాది, రెండోది హికరీ కర్రది. ఆ రెండోదాన్ని పుట్టించేది పెల్లెట్ గ్రిల్. కట్టెల పొయ్యి రుచి కావాలి గానీ ఊదుగొట్టం బాధ వద్దనుకునేవారి కోసం పుట్టిన యంత్రమిది. 225 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 107 సెల్సియస్) అని మీట నొక్కి లోపలికి వెళ్లిపోవచ్చు. పది పన్నెండు గంటలపాటు తన నిప్పును తానే చూసుకుంటుంది. చూసుకోవడం మానేసిన రోజే గొడవ. అతిథులు వచ్చేవేళకు తెర మీద ఎర్రర్ కోడ్, లోపల సగం ఉడికి చల్లారిన మాంసం.

హైదరాబాద్‌లో ఏ ఎలక్ట్రానిక్ వస్తువు పాడైనా సంచిలో వేసుకుని కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళితే ఏదో ఒక దారి దొరుకుతుంది. అమెరికాలో మెకానిక్‌ను ఇంటికి పిలిపించే ఖర్చే విడిభాగం ధరను మించిపోతుంది. అందుకే వారంటీ తీరిన గ్రిల్ మొండికేస్తే కొత్తది కొనేసేవారు తక్కువేమీ కాదు. వందల డాలర్లు పోసి కొన్నదాన్ని అలా పారేయాల్సిన అవసరం చాలా సందర్భాల్లో లేదు. పైకి వైఫై, మొబైల్ యాప్ అంటూ ఎంత హంగామా ఉన్నా లోపల కదిలేవి ప్రధానంగా రెండే: ఒక ఫ్యాన్, ఒక మర.

దీని కథ కూడా అంత పాతదేమీ కాదు. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో రంపపు పొట్టును గుళికలుగా నొక్కి ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి వాడటం మొదలైంది. ఆ గుళికలతో వంట చేసే గ్రిల్‌ను 1980ల మధ్యలో ఆరెగాన్ రాష్ట్రంలోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో జో ట్రేగర్ రూపొందించారు. 1986లో పొందిన పేటెంట్ గడువు 2006లో ముగియడంతో మిగతా కంపెనీలూ రంగంలోకి దిగాయి. (అదే 2006లో మన దేశంలో బీపీ సంస్థ, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి తెచ్చిన ‘ఊర్జా’ పొయ్యి కూడా గుళికలు, చిన్న ఫ్యాన్ మీద నడిచిందే.) పేర్లు, రంగులు మారినా గ్రిళ్ల లోపలి అమరిక చాలావరకు అదే. కాబట్టి ఒక గ్రిల్ జబ్బు అర్థమైతే మిగతావాటిదీ అర్థమైనట్టే.

పక్కనున్న తొట్టిలో గుళికలు పోస్తాం. దాని అడుగున ఆగర్ అనే మర, కీమా మిషన్‌లో మాంసాన్ని ముందుకు తోసే మర లాంటిదే, వాటిని కొద్దికొద్దిగా ఒక చిన్న ఇనుప గిన్నెలోకి నెడుతుంది. ఆ నిప్పుల గిన్నెలో వేలంత లావు హీటర్ రాడ్ ఎర్రబడి మొదటి గుళికలను అంటిస్తుంది. అంటుకున్నాక రాడ్ పని అయిపోయింది. అక్కడి నుంచి కొలిమి తిత్తిలా గాలి ఊదే ఫ్యాన్‌దే బాధ్యత. గ్రిల్ గోడకు ఉన్న ప్రోబ్ వేడిని కొలిచి చెబుతుంటే, కంట్రోలర్ మరను ఎంతసేపు తిప్పాలో, ఎంతసేపు ఆపాలో నిర్ణయిస్తుంది. ఇంతే.

ఆగిపోయిన గ్రిల్‌కు చేయాల్సిన మొదటి పనికి పానాలూ మీటర్లూ అక్కర్లేదు. ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారనిచ్చి, పైనున్న జాలీలు, కొవ్వు కారే పళ్లెం, దాని కింది రేకు తీసి నిప్పుల గిన్నెలోకి చూడాలి. బూడిద పేరుకుపోయి రాడ్‌ను కప్పేసిందా, గాలి వచ్చే రంధ్రాలు మూసుకుపోయాయా? చాలా గ్రిళ్లకు ఇదే జబ్బు, వ్యాక్యూమ్ క్లీనరే మందు. అయితే బూడిద చేతికి చల్లగా తగిలినా లోపల నిప్పు కణిక గంటల తరబడి దాగి ఉండగలదు. వంట చేసిన రోజు కాక మర్నాడు శుభ్రం చేయడమే మేలు. లేకపోతే వ్యాక్యూమ్ క్లీనరే అంటుకుంటుంది.

శుభ్రం చేశాక గిన్నె కనిపించేలా ఉంచి, మూత తెరిచి స్విచ్ వేయండి. ఫ్యాన్ గాలి తగలాలి, మర తిరగాలి, రెండు మూడు నిమిషాల్లో రాడ్ ఎర్రబడాలి. ఈ మూడింటిలో ఏది లోపించిందో చూస్తే రోగం సగం పట్టుబడినట్టే. రాడ్ ఎర్రబడకపోతే ప్లగ్ తీసి దాని రెండు తీగల మధ్య మల్టీమీటర్‌తో నిరోధం కొలవాలి. అమెరికా 120 వోల్టుల కరెంటుపై 200 వాట్ల రాడ్‌కు 72 ఓమ్‌లకు అటూ ఇటూగా రావాలి. మీటర్ అనంతం చూపితే తీగ తెగినట్టే. కొత్త రాడ్‌కు మామూలుగా కొన్ని పదుల డాలర్లు, బిగించడానికి ఓ గంట. స్విచ్ వేయగానే బయటి సాకెట్ ట్రిప్ అవుతుంటే రాడ్ కనెక్టర్ ఊడదీసి మళ్లీ ప్రయత్నించాలి. ఈసారి ట్రిప్ కాకపోతే తడిసిన లేదా పగిలిన రాడే దోషి.

మోటార్ మూలుగుతోంది, మర తిరగడం లేదంటే తేమను అనుమానించాలి. గుళికల్లో జిగురేమీ ఉండదు. ఒత్తిడికి, వేడికి కర్రలోని లిగ్నిన్ మెత్తబడి పట్టి ఉంచుతుంది. నీటి చుక్క తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టుగా మారతాయి, ఆరాక గొట్టంలో సిమెంటులా గట్టిపడతాయి. హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లలో వానాకాలమంతా తొట్టిలో గుళికలు వదిలేస్తే ఇదే ఫలితం. మంచి గుళిక నున్నగా మెరుస్తూ టక్కున విరుగుతుంది, చెమ్మగిల్లింది వేళ్ల మధ్య పొడైపోతుంది. తొట్టి ఖాళీ చేసి, మోటార్ విప్పి, మర కడ్డీని రెంచ్‌తో అటూ ఇటూ తిప్పి వదులు చేయాలి. కొన్ని మోడళ్లలో మర బిగుసుకుంటే మోటార్ కాలిపోకుండా ముందుగా తెగిపోయే చిన్న పిన్ ఉంటుంది. అది తెగిందేమో చూడకుండా మోటార్ కొనడం దండగ.

ఇప్పుడు అసలు ప్రమాదం. వంట మధ్యలో నిప్పు ఆరిపోయినా మర తన పని తాను చేసుకుపోతుంది. గిన్నెలో గుళికలు గుట్టపడతాయి. ఇది చూడకుండా మళ్లీ స్విచ్ వేస్తే ఆ గుట్టంతా ఒక్కసారి మండదు, కుములుతుంది. చిక్కటి తెల్లటి పొగ వస్తుంది. అది ఉత్త పొగ కాదు, కర్ర నుంచి వెలువడిన మండే వాయువు. మూత కింద నిండిన ఆ వాయువుకు నిప్పు తగిలిందంటే భళ్లుమని మూత ఎగిరిపడుతుంది. ఆరిపోయిన గ్రిల్‌ను చల్లారనిచ్చి, గిన్నె పూర్తిగా ఖాళీ చేశాకే తిరిగి వెలిగించాలి. ఈ ఒక్క విషయంలో మాంసం పాడవుతుందన్న లెక్క పనికిరాదు. పొగ అప్పటికే మొదలైతే మూత తెరవకుండా దూరంగా జరగాలి. కారిన కొవ్వు అంటుకున్నా మూత మూసే ఉంచాలి, వీలైతే కరెంటు తీసేయాలి, నీళ్లు మాత్రం చల్లకూడదు.

పని అయిపోగానే ప్లగ్ పీకేసే అలవాటు ఇంకో చేటు. ఆపే మీట నొక్కాక కూడా ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగేది గిన్నెలో మిగిలిన నిప్పును పూర్తిగా కాల్చేయడానికే. మధ్యలో ఆపితే నిప్పు మర గొట్టం వెంట వెనక్కి పాకి తొట్టిదాకా వెళ్లగలదు.

ఇక వేడి పెరుగుతోంది, తగ్గుతోంది అన్న ఫిర్యాదు. చాలాసార్లు అది జబ్బే కాదు. పాత తరహా కంట్రోలర్లలో 20 డిగ్రీల ఫారెన్‌హీట్ అటూ ఇటూ ఊగడం మామూలే. గాలి వీచినా, పదే పదే మూత తీసి చూసినా ఇంకా ఊగుతుంది. నిజంగా తేడా ఉంటే ముందుగా ప్రోబ్ మీది మసిని వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవాలి.

ఇన్నీ చేశాక కూడా కుదరకపోతే, కంట్రోలర్ వెనకున్న ఫ్యూజ్ బాగానే ఉన్నా తెర వెలగకపోతే, ఇంటి వైద్యం అక్కడితో సరి. బోర్డుకు టంకం పెట్టే సాహసం కన్నా మొత్తం కంట్రోలర్ మార్చడమే నయం. వారంటీ ఉంటే విప్పకముందే కంపెనీకి ఫోన్ చేయాలి.

బాగుచేశాక మాంసం పెట్టకుండా అరగంట ఎక్కువ వేడి మీద నడిపి చూడాలి. అదీ ఆరుబయటే. వాన పడుతోందనో, చలిగా ఉందనో గ్యారేజీలోకి తోసి వెలిగిస్తే తలుపు తెరిచి ఉన్నా సరే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.