నారుమడియు పంటపొలమును: అమెరికా బేస్‌బాల్‌లో యువక్రీడాకారుల వినిమయము

విత్తనపు గింజలను వండుకొని తినరాదని రైతుకు ఎవరును బోధింపనక్కరలేదు. అయినను ఇంట శుభకార్యము తటస్థించి, గాదె వట్టిపోయిన నాడు ఆ గింజలవైపే చూపు మరలును. రేపటి పంటకొరకు నేటి పండుగను మానుకొనవలెనా, నేటి పండుగకొరకు రేపటి పంటను వదలుకొనవలెనా అను ఈ సంశయము అమెరికాలోని బేస్‌బాల్ జట్లకు ఏటేట కలుగుచుండును. జూలై మాసము ముగియు వేళకు, నిర్ణీతమైన ఒక గంటలోపల, ప్రతి జట్టును దీనికి సమాధానము చెప్పవలెను. ఆ సమాధానమునుబట్టి ఒక నగరపు ఆనందవిషాదములును, ఇరువదియేండ్ల ప్రాయపు యువకుల జీవనమార్గములును మారిపోవును.

టెక్సాస్ రాష్ట్రమున డల్లాస్ నగర పరిసరములలో తెలుగు కుటుంబములు వేలకొలదిగా నివసించుచున్నవి. ఆ ప్రాంతపు పెద్ద జట్టు టెక్సాస్ రేంజర్స్. దాని మైదానము ఆర్లింగ్టన్‌లో కలదు. దాని యువక్రీడాకారులు శిక్షణ పొందు జట్లలో ఒకటి, తెలుగువారు అధికముగా స్థిరపడిన ఫ్రిస్కో పట్టణమునందే కలదు. కావున ఈ విషయమును వివరించుటకు ఆ జట్టు చరిత్రయే తగిన ఉదాహరణము.

ముందుగా ఈ క్రీడావ్యవస్థ స్వరూపమును తెలిసికొనవలెను. అమెరికా, కెనడా దేశములలో అగ్రశ్రేణి జట్లు 30 కలవు. ఒక్కొక్కటి సంవత్సరమునకు 162 ఆటలు ఆడును. ప్రతి అగ్రశ్రేణి జట్టు క్రిందను నాలుగు మెట్లుగా నాలుగు చిన్న జట్లుండును. వీనిని మైనర్ లీగ్ జట్లందురు. పాఠశాలలనుండియు కళాశాలలనుండియు ఎన్నుకొనబడిన యువకులు క్రింది మెట్టున చేరి, ఏండ్లతరబడి శ్రమించి, ఒక్కొక్క మెట్టే ఎక్కుదురు. పై మెట్టు చేరువారు కొందరే. నడుమనే ఆగిపోవువారు పెక్కుమంది. జట్లవారే చిన్న జట్లను చేపట్టి యువకులను పెంచు ఈ పద్ధతిని 1920 దశకమున సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టులో బ్రాంచ్ రికీ అను నిర్వాహకుడు విస్తృతముగా నెలకొల్పెను. అమెరికనులు దీనికి వ్యవసాయక్షేత్రమను పేరే పెట్టిరి. మన భాషలో నారుమడి యనుట మరింత సార్థకముగా నుండును. మొలకలు ఇచట పెరిగి, అదను వచ్చినపుడు పెద్ద పొలమునకు తరలింపబడును. వర్ణభేదమను అడ్డుగోడను కూల్చిన జాకీ రాబిన్‌సన్ సైతము 1947లో బ్రూక్లిన్ జట్టున ప్రవేశించుటకు ముందు, 1946లో మాంట్రియల్‌లోని చిన్న జట్టులో ఒక సంవత్సరము ఆడెను.

ఒక జట్టు తన ఆటగానిని మరియొక జట్టునకిచ్చి, బదులుగా వారి ఆటగాండ్రను పుచ్చుకొనుటయే వినిమయము. దీనికి గడువు ఏర్పడుటకు కారణము 1922 నాటి ఒక వివాదము. ఆ సంవత్సరము జూలైలో న్యూయార్క్ యాంకీస్ జట్టు బోస్టన్‌నుండి జో డ్యూగన్ అను ఆటగానిని తెచ్చుకొని, చివరకు సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టును ఒక్క ఆట తేడాతో దాటి అగ్రస్థానము పొందెను. ధనబలము గల జట్టు పందెము మధ్యలో బలమును కొనుక్కొనుట న్యాయము కాదని ఆక్షేపణలు బయలుదేరెను. తత్ఫలితముగా 1923నుండి జూన్ 15వ తేది గడువుగా నిర్ణయింపబడెను. 1986లో అది జూలై 31కి మారెను. గడువు దాటిన పిమ్మటను ఆగస్టులో కొన్ని షరతులపై వినిమయము సాగుచుండెడిది. 2019నుండి ఆ మార్గమును మూసివేసిరి.

ఈ బేరములో ఇచ్చిపుచ్చుకొనునది ఆటగాండ్రను మాత్రమే కాదు, కాలమును. అగ్రశ్రేణిలో ప్రవేశించిన యువకుడు ఇంచుమించు ఆరు సంవత్సరముల ఆట పూర్తియగువరకు తనను పెంచిన జట్టునకు కట్టుబడియుండును. అందులో తొలి సంవత్సరములందు అతని వేతనము స్వల్పము. ఆ గడువు తీరిన పిదపనే అతడు తనకిష్టమైన జట్టుతో ఒప్పందము చేసికొనగలడు. కావున పేరుపొందిన ప్రౌఢుని ఒప్పందము రెండు నెలలలో ముగియనున్నచో, అతనిని తెచ్చుకొనువారు రెండు నెలల బలమును కొనుచున్నారు. ఇచ్చువారు యువకుని రూపమున ఆరేండ్ల ఆశను పొందుచున్నారు. ఆ సంవత్సరము గెలుపునకు దగ్గరగా నున్నవారు కొనుదురు. ఆశ వదలుకొన్నవారు అమ్ముదురు. యువకుని ప్రతిభ ఫలించునో లేదో అను సందేహమే ఈ బేరమునకు ప్రాణము.

టెక్సాస్ జట్టు ఈ బేరమున ఇరువైపులను చవిచూచినది. 2007 జూలై 31న అది తన మేటి ఆటగాడైన మార్క్ టెషేరాను అట్లాంటా జట్టునకిచ్చి, ఎల్విస్ ఆండ్రూస్, నెఫ్తాలీ ఫెలీజ్, మాట్ హారిసన్ మొదలగు యువకులను తెచ్చుకొనెను. అప్పటికి ఆండ్రూస్‌కు 19 ఏండ్లైనను నిండలేదు. అట్లాంటా ఆ సంవత్సరము తుది పోటీలకే చేరలేదు; మరుసటి వేసవిలో టెషేరాను వేరొక జట్టునకు పంపివేసెను. టెక్సాస్‌కు వచ్చిన యువకులన్ననో ఎదిగి, 2010, 2011 సంవత్సరములలో ఆ జట్టును వరల్డ్ సిరీస్ అను తుది సమరమునకు చేర్చినవారిలో ముఖ్యులైరి. ఆ రెండు పర్యాయములును విజయము దక్కలేదు. 2011 ఆరవ ఆటలో గెలుపు రెండుసార్లు ఒక్క బంతి దూరమున నిలిచి చేజారెను.

2012లో అదే జట్టు కొనువారి పక్షమున నిలిచెను. బంతి విసరు ర్యాన్ డెంప్‌స్టర్‌కై అది చికాగో కబ్స్‌కు ఇచ్చిన ఇద్దరు యువకులలో కైల్ హెండ్రిక్స్ ఒకడు. డెంప్‌స్టర్ వచ్చినను టెక్సాస్ చివరి దినమున అగ్రస్థానమును ఓక్లండ్‌కు కోల్పోయి, ఆపై ఒక్క ఆటతోనే నిష్క్రమించెను. నాలుగేండ్ల తరువాత హెండ్రిక్స్ బంతి విసరువారిలో సగటున అతితక్కువ పరుగులిచ్చినవాడై, 108 సంవత్సరములుగా విజయమెరుగని చికాగోకు 2016 వరల్డ్ సిరీస్ ఏడవ ఆటను ఆరంభించెను. ఆ ఆటలో చికాగో గెలిచెను. విత్తనము తిన్నందుకు ఇంతకంటె గట్టి పాఠము మరియొకటి ఉండదు.

అయినను 2023లో టెక్సాస్ మరల విత్తనపు గాదెను తెరచెను. ఆ జట్టు 1961లో వాషింగ్టన్ నగరమున పుట్టి 1972లో టెక్సాస్‌కు తరలినది. అన్నేండ్లలో ఒక్క వరల్డ్ సిరీస్‌నైనను గెలువలేదు. 2021లో 102 ఆటలు, 2022లో 94 ఆటలు ఓడినది. కాని 2023 జూలై చివరకు తన విభాగమున అగ్రస్థానమున నుండెను. హ్యూస్టన్ వెన్నంటి వచ్చుచుండెను. మహాధనము వెచ్చించి తెచ్చిన జేకబ్ డీగ్రామ్ జూన్‌లో మోచేతి శస్త్రచికిత్స పాలయ్యెను. నేథన్ ఇవాల్డీయు గడువు సమీపించిన దినములలోనే గాయపడెను. బంతి విసరువారు లేక జట్టు నీరసించు ప్రమాదము ఎదురుగా నిలిచెను.

అప్పుడు నిర్వాహకుడు క్రిస్ యంగ్ చేసిన వినిమయములు మూడు. జూన్ 30న, అనగా గడువునకు నెల ముందుగానే, కోల్ రేగన్స్ అను యువకుని మరియొకనితోపాటు కాన్సాస్ సిటీ జట్టునకిచ్చి, వేగమునకు ప్రసిద్ధుడైన అరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చెను. జూలై చివర న్యూయార్క్ మెట్స్‌కు లూయిసాంహెల్ అకూన్యాను ఇచ్చి, 39 ఏండ్ల మాక్స్ షెర్జర్‌ను తెచ్చెను. సెయింట్ లూయిస్‌కు టెకోవా రోబీ, థామస్ సజేసీ, జాన్ కింగ్‌లను ఇచ్చి, జోర్డన్ మాంట్‌గామరీని, క్రిస్ స్ట్రాటన్‌ను తెచ్చెను. అకూన్యా, రోబీ, సజేసీ మువ్వురును ఆ సంవత్సరము ఫ్రిస్కో జట్టునకు చెందినవారే. ఒక్క నారుమడినుండి ఒకటి రెండు దినములలో మూడు మొలకలు పెకలింపబడినవి.

ఫలితమేమి? షెర్జర్ సెప్టెంబరులో గాయపడెను; వరల్డ్ సిరీస్‌లో మూడు ఇన్నింగ్సులకే నడుమునొప్పితో తొలగెను. పేరున పెద్దదైన బేరము ఫలమున చిన్నదయ్యెను. మాంట్‌గామరీ మాత్రము జట్టుకు వెన్నెముకగా నిలిచి, హ్యూస్టన్‌తో జరిగిన పోటీ మొదటి ఆటలో ఒక్క పరుగైనను ఈయక ఏడవ ఇన్నింగ్సు వరకు బంతి విసరెను. టెక్సాస్ తుది పోటీలలో పరస్థలమున ఆడిన 11 ఆటలలోను గెలిచి, 2023 నవంబరు 1న తన చరిత్రలో తొలి విజయకిరీటమును ధరించెను. ఆ పంట ఇంటికి వచ్చిన పిదప మాంట్‌గామరీయు చాప్‌మన్‌ను ఇతర జట్లకు వెడలిపోయిరి. కాన్సాస్ సిటీకి వెళ్లిన రేగన్స్ 2024లో 223 మందిని బంతి కొట్టనీయక వెనుకకు పంపి, అమెరికన్ లీగ్‌లో శ్రేష్ఠుడైన పిచ్చర్‌కిచ్చు సై యంగ్ బహుమానపు ఎన్నికలో నాలుగవ స్థానము పొందెను. విజేతయైన టెక్సాస్ అదే సంవత్సరము 78 ఆటలు గెలిచి 84 ఓడెను.

ఇంతమాత్రమున 2023 నిర్ణయము తప్పని చెప్పుటకు వీలులేదు. అర్ధశతాబ్దికి పైగా ఎదురుచూచిన నగరమునకు ఆ ఒక్క శరత్తు చాలునని అచటివారు తలంచినచో కాదనగలవారెవరు? అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ఆ జట్టు ఇచ్చినవారివలన ఎంత గెలిచెనో, ఈయక నిలుపుకొన్నవారివలనను అంతగా గెలిచెను. ఇవాన్ కార్టర్ అను యువకుడు ఆ వేసవియందు ఎక్కువ కాలము ఫ్రిస్కోలోనే ఆడెను. సెప్టెంబరు 8న పెద్ద జట్టునకు పిలువబడి, అప్పుడే 21 ఏండ్లు నిండినవాడై, తుది పోటీలలోని 17 ఆటలలో 9 డబుల్స్ కొట్టి రికార్డు నెలకొల్పెను. అదే మడిలోని మొలకలలో దేనిని ఈయవచ్చునో, దేనిని ఈయరాదో ఎరుగుటయే నిర్వాహకుని విద్య. రేగన్స్ విషయమున ఆ విద్య తప్పెను; కార్టర్ విషయమున ఫలించెను.

ఈ లెక్కలయందు మనుష్యుని మరువరాదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అను ఆటగాడు, తన అనుమతి లేక తనను ఫిలడెల్ఫియాకు మార్చుటను నిరాకరించి న్యాయస్థానమున కెక్కెను. 1972లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. కాని అతడు లేవనెత్తిన ప్రశ్న చావలేదు. 1975 డిసెంబరులో వెలువడిన మధ్యవర్తి తీర్పుతో ఆటగాండ్రకు స్వేచ్ఛామార్గము తెరువబడెను. అగ్రశ్రేణిలో 10 ఏండ్లు, అందు చివరి 5 ఏండ్లు ఒకే జట్టులో ఆడినవానిని అతని సమ్మతి లేక పంపరాదను నియమమును కలదు. నారుమడిలోని యువకునికి అట్టి రక్షణ లేదు. వారికి సంఘమేర్పడినదే 2022లో. 2023 ఒప్పందముతో మూడవ మెట్టుననున్న ఫ్రిస్కో వంటి జట్టులో కనీసవేతనము సంవత్సరమునకు 30,250 డాలర్లయ్యెను. అదే సంవత్సరము అగ్రశ్రేణి కనీసవేతనము 7,20,000 డాలర్లు. ఈ రెంటి నడుమనున్న అగాధమును దాటగలనను ఆశతోనే ఆ యువకులు ఎవరు పిలిచిన ఊరికైనను పెట్టె సర్దుకొని బయలుదేరుదురు.

వారిలో ఒకడు మనకు సన్నిహితుడు. కుమార్ రాకర్ తండ్రి ట్రేసీ రాకర్ ఆఫ్రికన్ అమెరికనుడు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరుపొందినవాడు. తల్లివైపు తాతయు అమ్మమ్మయు ఆంధ్రప్రదేశ్‌నుండి అమెరికాకు వలస వెళ్లినవారు. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున చదువుచు, 2019 జూన్‌లో డ్యూక్ విశ్వవిద్యాలయముపై ఒక్క హిట్‌నైనను ఈయక, 19 మందిని బంతి కొట్టనీయక వెనుకకు పంపి కుమార్ దేశఖ్యాతి పొందెను. 2021 వార్షిక ఎంపికలో న్యూయార్క్ మెట్స్ అతనిని పదవవానిగా ఎన్నుకొని, వైద్యపరీక్షల పిమ్మట అతని ఆరోగ్యమును శంకించి ఒప్పందము చేసికొనలేదు. మరుసటి ఏట టెక్సాస్ అతనిని మూడవవానిగా ఎన్నుకొనెను. 2023 మేలో అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగెను. కావున ఆ విజయసంవత్సరమంతయు అతడు కోలుకొనుటయందే గడపెను. 2024లో ఫ్రిస్కోలోను రౌండ్ రాక్‌లోను ఆడి, సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద జట్టు పక్షమున తొలిసారి బంతి పట్టి, నాలుగు ఇన్నింగ్సులలో ఏడుగురిని వెనుకకు పంపెను.

దానికి రెండు దినముల తరువాత, సెప్టెంబరు 14న, టెక్సాస్ వదలుకొన్న అకూన్యా న్యూయార్క్ మెట్స్ పక్షమున తొలి ఆట ఆడెను. మెట్స్ వలదన్న యువకుడు టెక్సాస్ దుస్తులతోను, టెక్సాస్ ఇచ్చివేసిన యువకుడు మెట్స్ దుస్తులతోను ఒకే వారమున పెద్ద పొలమున అడుగిడిరి. గడువునాటి బేరమున ఎవరు లాభించిరో, ఎవరు నష్టపడిరో ఆ నాడే తేల్చుటకు ఎవరికిని సాధ్యము కాదు. మొలకను పెకలించినవాడును, నాటుకొన్నవాడును, దాని వెన్ను కనబడు దాక వేచియుండవలసినదే.