పోయేది పోతేనే ఉండేది నిలుస్తుంది

షికాగోలో నవంబరు వచ్చిందంటే కార్లున్నవాళ్లకు తొందర పట్టుకుంటుంది. మంచు మొదలైతే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆలోపే కారు కడిగి వ్యాక్స్ పట్టించాలి. తీరా పూసి, కాసేపాగి తుడవబోతే అది ఊడిరాదు. బట్ట ఎటు లాగితే అటు జిడ్డు చారలు సాగుతాయి. నాన్న పడే ఈ అవస్థ చూసిన ఓ తెలుగు కుర్రాడు వారాంతపు సైన్సు క్లాసులో నిలదీశాడు: “మైనం చల్లబడితే గట్టిపడుతుంది కదా మాస్టారూ, మరి చలికాలంలో ఇంకా త్వరగా ఆరాలిగా?”

కొవ్వొత్తి విషయంలో వాడి మాట నిజమే. కారు వ్యాక్స్ తీరు వేరు. అందులోంచి ఒకటి ఎగిరిపోతేనే ఇంకొకటి గట్టిపడుతుంది. ఆ సరుకులోని తెలివంతా ఇదే, దాని మీద నాకున్న మోజు కూడా ఇందుకే.

గట్టిపడేది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లోని సియారా, పియావీ ప్రాంతాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. వానల్లేని నెలల్లో ఆకులోని తేమ ఆవిరైపోకుండా చెట్టు తనకు తానే వేసుకునే పూత. ఆకులు కోసి, ఎండబెట్టి, కొడితే పొడిగా రాలుతుంది. ఈ మైనం ఎక్కడెంత దొరుకుతుందో చూసి రావడానికే షికాగోకు ఉత్తరాన ఉన్న రసీన్ పట్టణం నుంచి ఎస్.సి. జాన్సన్ కంపెనీ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ 1935లో సికోర్‌స్కీ ఎస్-38 విమానంలో సియారా దాకా వెళ్లాడు.

తేనెమైనం 62, 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. కార్నౌబా 80 దాటాక గానీ కరగదు. మండుటెండలో బానెట్ మీద కూడా కారిపోదు. చిక్కూ అక్కడే ఉంది. ముద్ద పట్టుకుని రంగు మీద రుద్దితే అంటదు. కరిగించి పోద్దామంటే రేకు తగలగానే గడ్డకడుతుంది.

అందుకని దాన్ని మెత్తటి మైనాలతో, నాఫ్తా లాంటి పెట్రోలియం ద్రావణితో కలుపుతారు. ద్రావణి మైనం రేణువుల మధ్య దూరి వాటిని జారనిస్తుంది. పూసేటప్పుడు అది ఉండి తీరాలి, పూశాక పోయి తీరాలి. అది పోతుంటే తడిగా మెరిసిన పూత మసకబారి తెల్లటి పొరగా మారుతుంది. అప్పుడు చూపుడువేలితో దాని మీద ఓ గీత గీసి చూడాలి. గీత అడుగున రంగు నిగనిగలాడుతూ బయటపడి, అంచులు పొడిగా నిలిస్తే ఇక తుడవొచ్చు. అలుక్కుందంటే ద్రావణి ఇంకా లోపలే ఉన్నట్టు.

అది పోయే వేగం ఉష్ణోగ్రత చేతిలో ఉంది. ఇలాంటి ద్రవాల ఆవిరి పీడనం 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా దాదాపు సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 25 డిగ్రీల్లో 10 నిమిషాలకు ఆరే పూత, 5 డిగ్రీల్లో 40 నిమిషాలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు. మందంగా పూస్తే మరీ కష్టం: పైన పొర కట్టి, అడుగున తడి చిక్కుకుపోతుంది. చలిలో పూత పల్చగా వేయాలనేది ఇందుకే.

ఇంకో అడ్డంకి కంటికి సరిగా ఆనదు. రాత్రంతా బయట నిలిపిన కారు రేకు 2 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. దాన్ని 15 డిగ్రీల గరాజులోకి తెచ్చారు. అక్కడ గాలిలో తేమ 60 శాతముంటే, ఆ గాలి 7 డిగ్రీలకు చల్లబడగానే నీరు విడుస్తుంది. రేకు అంతకన్నా చల్లగా ఉంది కాబట్టి దాని మీద సన్నటి నీటి పొర పడుతుంది. రంగును పట్టుకోవాల్సిన వ్యాక్స్ నీటిని పట్టుకుని ఊరుకుంటుంది. ఫోనులో వాతావరణం చూసి మొదలుపెట్టేవాళ్లకు ఈ సంగతి తెలియదు. రేకు ఎంత చల్లగా ఉందో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడాలి.

ఇక నాకు భలే ఇష్టమైన పోటీ. 1910లో జార్జ్ సైమన్స్, ఎల్మర్ రిచ్ షికాగోలో పెట్టిన కంపెనీయే తర్వాత సైమనైజ్ అయింది. వాళ్లది డబ్బాలో గట్టి ముద్ద. ముందు క్లీనరుతో రుద్దాలి, తర్వాత వ్యాక్స్ రుద్దాలి, ఆ పైన తుడవాలి. భుజాలు పడిపోయేవి. 1940ల్లో అదే ఊళ్లో బెన్ హిర్ష్ ఇంట్లో స్నానాల తొట్టిలోనే ద్రవరూపంలో పాలిష్ కలిపి సీసాల్లో అమ్మాడు. రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం దగ్గర ఆపిన కార్లకు ఒక్క ఫెండరు మాత్రం మెరిపించి, యజమాని వచ్చేదాకా అక్కడే కాచుకునేవాడని చెబుతారు. ఒక్క ఫెండరు మెరిస్తే మిగతా కారంతా వెలవెలబోతుంది మరి! ఆ కంపెనీయే టర్టిల్ వ్యాక్స్ అయింది.

వాడకంలో సీసాదే పైచేయి. చలి దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. చాలా ద్రవ వ్యాక్సుల్లో మైనం చిన్నచిన్న బొట్లుగా నీళ్లలో తేలుతుంటుంది. ఎమల్సిఫయర్ అనే పదార్థం బొట్టు చుట్టూ పొరగా ఉండి, ఇంకో బొట్టుతో కలవనివ్వదు. నీళ్లు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు బొట్లన్నిటినీ ఒకచోటికి నెడతాయి. ఆ ఒత్తిడికి పొరలు తెగి బొట్లు కలిసిపోతాయి. కరిగాక చూస్తే విరిగిన పాలలాగా ముద్దలు వేరు, నీళ్లు వేరు. ఎంత కుదిపినా లాభం లేదు. డబ్బాలో ముద్దకు ఆ భయం లేదు. రాత్రంతా చలిలో మరిచిపోయినా బిగుసుకుంటుందే గానీ చెడదు. మూత బిగించి గోరువెచ్చని నీళ్లలో ఉంచితే మామూలుకొస్తుంది. పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు, ద్రావణికి నిప్పంటుకుంటుంది. షికాగో చలికాలం వరకు నా ఓటు సైమన్స్‌కే.

తర్వాతి కథ చకచకా నడిచింది. సిలికోన్లు వచ్చి పూయడం, తుడవడం తేలికయ్యాయి. 1980ల నుంచి రంగు మీద క్లియర్‌కోట్ వాడకం పెరిగి, వెలిసిపోయే బెడద తగ్గింది. ఆపైన పాలిమర్ సీలెంట్లు, ఇప్పుడు హైదరాబాదులోనూ షికాగోలోనూ సిరామిక్ కోటింగులు. వీటిలోనూ ద్రావణి ఎగిరిపోవాల్సిందే, మిగిలింది గట్టిపడటానికి వెచ్చదనం ఉండాల్సిందే.

ఏది పూసినా ఉప్పు ఎక్కువగా తినేది కారు అడుగు భాగాన్ని, అక్కడికి ఈ వ్యాక్స్ చేరదు. కాబట్టి చలికాలమంతా కారు కింద నీటి ధార కొట్టించడం మానొద్దు. పైపూత సంగతి రేకు 10 డిగ్రీలు దాటిన రోజు చూసుకోవచ్చు.