చరిత్ర విద్యకు ఇల్లే తొలి బడి

మన పిల్లలు చరిత్రమును చదువుచున్నారు. చరిత్రము మాత్రము వారికి పట్టుబడుట లేదు. రాజుల పేరులు, యుద్ధముల సంవత్సరములు కంఠస్థము చేసి, పరీక్షనాడు వ్రాసి, మఱునాడు మఱచుచున్నారు. కొండవీటి నీడలో పెరిగిన బాలుడు పానిపట్టు యుద్ధములు మూడింటిని వరుసగా నప్పగించును. తన యూరి కొండమీది కోట యే వంశమువారిదని యడిగిన తెల్లబోవును. చీరాలలో పుట్టిన బాలిక ఫ్రెంచి విప్లవమును గూర్చి నాలుగు పుటలు వ్రాయును. 1921 లో తన వీథి యేల పాడుపడినదో యెఱుగదు. ఇది బిడ్డల దోషము గాదు. బడి పుస్తకము రాష్ట్రమంతటికిని ఒక్కటే గావున ప్రతి యూరి సంగతి యందు చేరదు. ఆ కొఱత తీర్పవలసినది ఇల్లు. తీర్పవలసినవారు తల్లిదండ్రులు, తాతలు, నాయనమ్మలు.

ఇందువలన వచ్చిన నష్టమేమని కొందఱడుగవచ్చును. అమరావతిని జూచిన జాలును. రెండు వేల యేండ్లనాటి మహాస్తూపమచ్చట మట్టిదిబ్బయై యుండెను. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారచ్చట పట్టణము నిర్మించు కాలమున ఆ దిబ్బను త్రవ్విరి. శిల్పములు చెక్కిన పలకలు కొన్ని మెట్లకును కట్టడములకును పోయెను. కొన్ని సున్నపు బట్టీలలో గాలిపోయెను. కర్నల్ మెకంజీ 1816 లో వచ్చి మిగిలినవానికి చిత్రములు వ్రాయించెను. 1845 లో వాల్టరు ఇలియట్ త్రవ్వించిన శిలలు మదరాసునకు, అందు పెక్కు తరువాత లండనునకు తరలిపోయెను. భట్టిప్రోలులో స్తూపపు ఇటుకలను రోడ్లకు వాడిరి. ఆ రాళ్ళు మోసినవారు, ఆ ఇటుకలు పెల్లగించినవారు దుర్మార్గులు గారు. అవి యేమో వారికి చెప్పినవారు లేరు. నేడు పొలము ప్రక్కనున్న పాటిదిబ్బను యంత్రముతో చదును చేయు రైతుబిడ్డకును చెప్పినవారు లేరు.

చెప్పినవారున్నచో నేమగునో చేబ్రోలు చూపినది. అచ్చటి భీమేశ్వరాలయపు మరమ్మతుల వేళ బయటపడిన స్తంభముపై శాతవాహన విజయుని కాలపు సంస్కృత శాసనమున్నదని 2019 లో పండితులు తేల్చిరి. అది 207 నాటిది. సప్తమాతృకల ప్రస్తావన అందు గలదు. పనికిరాని రాయియని యెవరైన దానిని పునాదిలో వేసియున్నచో ఆ సంగతి యెవరికిని తెలియకుండెడిది. చరిత్ర విద్య యనగా ముందు ఈ చూపు. ఈ చూపు పుస్తకముచేత గాక చేతిపనిచేత బిడ్డలకు వచ్చును. ఖర్చు లేక ఇంటనే చేయదగిన పనులు కొన్ని మేమిచ్చట సూచించుచున్నాము.

మొదట కాలమును బిడ్డ చేతికిండు. పదేండ్ల బిడ్డకు నూఱేండ్లును వేయేండ్లును ఒక్కటే; రెండును "చాలాకాలము క్రితము". ప్రత్తి పండు సీమలో నూలుత్రాటికి కఱవు లేదు. సంవత్సరమునకొక యంగుళము చొప్పున లెక్కగట్టి త్రాటికి ముడులు వేయింపుడు. తొమ్మిదేండ్ల బిడ్డ బ్రతుకు జేనెడు. స్వరాజ్యము వచ్చిన 1947 రెండు గజములు దాటిన వెంటనే తగులును. కృష్ణ ఆనకట్ట పూర్తియైన 1855 ఐదు గజములలోపే యుండును. శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గైకొన్న 1515 పదునాలుగు గజములకడ నుండును. మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయశాసనము వేయించిన 1244 నకు ఇరువది రెండు గజములు కావలెను. భట్టిప్రోలు ధాతుకరండములపై లిపి చెక్కిన కాలమునకు అఱువది గజములును చాలవు. త్రాడు ఇల్లు దాటి, వీథి దాటి, రామాలయము చెంతకు పోవును. త్రాడు పట్టుకొని నడచిన బిడ్డకు కాలము కాళ్ళతో దెలియును. ఆ లెక్క వాడు మఱవడు.

రెండవది ఇంటిలోని పాతపెట్టె. అందు కాణీలు, అణాలు, చెల్లని రూపాయలు దొరకును. రూపాయకు పదునాఱణాలు, అణాకు నాలుగు పైసలు. 1957 ఏప్రిలు 1వ తేదీతో ఆ లెక్క మాఱి, రూపాయకు నూఱు నయాపైసలయ్యెను. పలుచని కాగితమును నాణెముపై నుంచి బొగ్గుతోనో పెన్సిలుతోనో రుద్దింపుడు, అచ్చు తేలును. శాసనములకు నకలు తీయు విద్య యిట్టిదేయని చెప్పుడు. అయితే గుడిలోని శాసనముపై ఇట్టి పని చేయరాదనియు, దానిని చూచి వ్రాసికొనుటయే తగుననియు వెంటనే చెప్పవలెను. అటుపై పాత కుంచమునకు దుమ్ము దులిపి ధాన్యము కొలిపింపుడు. నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. కుంచెడు ధాన్యమును నేటి కాటాపై తూచి, పుట్టి యెన్ని కిలోగ్రాములో బిడ్డచేతనే కట్టింపుడు. తాతగారు "ఎకరమునకిన్ని పుట్లు" అని చెప్పు మాట అప్పుడు వానికి అర్థమగును.

ఆ పెట్టెలోనే దస్తావేజులు, శిస్తు రసీదులు నుండును. అసలు కాగితములను బిడ్డ చేతికీయక, నకళ్ళు తీయించి యిండు. తేదీలు మూసి, ముద్రలను బట్టి వరుస పేర్పుమనుడు. విక్టోరియా రాణి బొమ్మ, అయిదవ జార్జి, ఆఱవ జార్జి, అటుపై మూడు సింహముల ముద్ర: రాజ్యములు మాఱిన క్రమము కంటికి గట్టును. 1922 నాటి రసీదు దొరికినచో పెదనందిపాడు కథ చెప్పుటకంతకంటె మంచి సమయము లేదు. పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున ఆ ఫిర్కా రైతులు శిస్తు చెల్లింపమని దొరతనమునకెదురు నిలిచిరి. "మన యింట చెల్లించిరా, లేదా?" అని బిడ్డ యడుగును. జవాబెట్టిదైనను దాచవద్దు.

మూడవది వంటయిల్లు. గుంటూరు బిడ్డకు కారమనగా మిరపకాయ; ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన మిర్చి యార్డు మన యూరిలో నున్నది. ఆ మిరపకాయ మన దేశపు పంట గాదనిన వాడు నమ్మడు. 1498 లో వాస్కోడిగామా వచ్చిన తరువాతనే, పోర్చుగీసువారి యోడలవెంట, అమెరికానుండి అది మనకు వచ్చెను. వేరుసెనగ, బంగాళాదుంప, టమాటా, జామ, బొప్పాయి, పొగాకు కూడ ఆ ఖండపువే. ఒక యాదివారమున ఇవి యేవియు లేక వంట చేయుడు. మిరియములు, అల్లము, ఆవాలు, చింతపండు, కందిపప్పు, వంకాయ, జొన్నసంకటి: కొండవీటి రెడ్డిరాజుల కాలపు కారము మిరియపు కారమేయని నాలుకకు దెలియును. మిరియమను మాటకును మిరపకాయ యను మాటకును గల పోలికను బిడ్డయే పట్టుకొనును. మోటుపల్లి శాసనములో కర్పూరము, చందనము, ముత్యములు, దంతము, పట్టునూలువంటి సరకుల పట్టిక గలదు. వానిలో నేవి మన యింట నున్నవి, ఎచ్చటినుండి వచ్చినవి యని వెదకించిన భూగోళమును దానితోబాటు వచ్చును.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పెద్దల నోటి మాట. మెకంజీ దొర సర్వే చేయు కాలమున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును వారి సహాయులును ఊరూర తిరిగి, కరణముల కవిలెలు చూచి, వృద్ధుల నడిగి, గ్రామచరిత్రములు సేకరించిరి. అవియే కైఫీయతులు. గుంటూరు సీమ గ్రామముల పూర్వవృత్తాంతము నేడు మనకు దొరకుట పెక్కుచోట్ల వానివలననే. కరణములు 1984 లో పోయిరి, కవిలెలు చెదలపాలయ్యెను. ఆ పని నేడు మన పిల్లలు చేయవచ్చును. ఒక నోటుపుస్తకమిచ్చి "మన యింటి కైఫీయతు వ్రాయుము" అనుడు.

ఏమడుగవలెనో కూడ నేర్పవలెను. "మీ చిన్ననాడెట్లుండెను?" అనిన పెద్దలు "బాగుండెను" అని యూరకుందురు. "1977 నవంబరు 19 ఉప్పెననాటి రాత్రి మీరెచ్చట నుంటిరి? సాగరు నీరు రాకముందు మీ యింట నేమి తినెడివారు? మొదటి కరెంటు దీపము వీథిలో నెప్పుడు వెలిగెను?" అనిన మాటలు ప్రవాహమగును. 1967 లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడువకముందు పల్నాటి మెట్టలలో జొన్న, సజ్జ, వరిగ తిన్న తరము వేగముగా తఱిగిపోవుచున్నది. ఈ యేడు అడుగని ప్రశ్నకు వచ్చు నేడు జవాబు చెప్పువారుండకపోవచ్చును.

విన్నదానినెల్ల చరిత్రమని వ్రాయరాదు. నోటుపుస్తకపు పుటను మూడు గళ్ళుగా గీయింపుడు: విన్నది, చూచినది, వ్రాతలో నున్నది. కారెంపూడి వీరుల గుడిని చూపి పల్నాటి కథ చెప్పుడు. బ్రహ్మనాయుని చాపకూడు, నాగమ్మ మంత్రాంగము పిల్లలకెంతయు రుచించును. ఆ యుద్ధము పండ్రెండవ శతాబ్దమునాటిదనియు, శ్రీనాథుని పేరనున్న వీరచరిత్ర అంతకు రెండు వందల యేండ్లకు పైగా గడచిన తరువాతిదనియు కూడ చెప్పుడు. వీరగాథ విలువ దీనిచే తగ్గదు. ఏది యే గడిలో వ్రాయవలెనో బిడ్డకు దెలియును. దేశాభిమానమునకు అబద్ధపు సాయమక్కఱలేదు. చిన్ననాడు ఋజువడుగ నేర్చినవాడు పెద్దయైన పిమ్మట పుకార్లకు లొంగడు. ఎన్నికల వేళలందును సంతబేరములందును ఆ గుణమెంత యవసరమో గృహస్థులకు మేము చెప్పనక్కఱలేదు.

నిదర్శనములు పుష్కలముగా నున్న కథలు మనకు లేకపోలేదు. చీరాల పేరాలలను కలిపి మునిసిపాలిటీ గావించి పన్నులు పెంచినందులకు నిరసనగా 1921 లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పిలుపున పదుమూడు వేలకు పైగా జనము ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమున పాకలలో సుమారు పదునొకండు నెలలు కాపురముండిరి. ఈ కథను చదివించుటకంటె ఆడించుట మేలు. పెరటిలో ముగ్గుపిండితో పాకయంత చతురము గీసి, "మన యింటిల్లిపాదియు ఇందుండవలెను, ఏమి తెచ్చుకొందము, ఏమి విడుతము, ఆవునెచ్చట గట్టుదము, నాయనమ్మకు జబ్బు చేసిన నేమి చేయుదము?" అని పిల్లలచేత పట్టిక వ్రాయింపుడు. సగము సామాను గీత వెలుపల మిగులును. త్యాగమను మాటకు అర్థము నిఘంటువులో జూడనక్కఱ యుండదు.

ఇక చెప్పుటకు కష్టమైన మాట యొకటి గలదు. కీర్తి కథలు చెప్పి బాధ కథలు దాచుట మన యింట నలవాటు. 1833 ప్రాంతమున ఈ సీమను డొక్కల కఱవు పట్టినపుడు ఐదు లక్షల జనములో రెండు లక్షలవరకు నశించిరని లెక్క. 1987-88 లో తెల్లదోమ పడి ప్రత్తి పోయినపుడు అప్పుల పాలై గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. ప్రత్తి డబ్బుతో చదువుచున్న బిడ్డకు ఆ ప్రత్తి కథలో ఈ పుట కూడ తెలియవలదా? పాతపెట్టెలోని దస్తావేజులలో పొలము కొన్నవాని పేరుండును, అమ్మినవాని పేరుండును. దున్నినవాని పేరుండదు, మిరపకాయ కోసిన స్త్రీ పేరుండదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో పెట్టెలు లేవు, జ్ఞాపకములున్నవి. కైఫీయతు వ్రాయు బిడ్డ మన చేలలో జీవితమెల్ల పనిచేసిన వృద్ధుని కడకును పోయి, గౌరవముతో కూర్చుండి, అడిగి వ్రాసికొనవలెను. అతడు చెప్పునది మన తాతలు చెప్పినదానితో కలియకపోవచ్చును. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాయనిండు, కొట్టివేయవద్దు.

ఇందులకు బంగారు పథకములును ప్రభుత్వపుటుత్తరువులును అక్కఱలేదు. గజముల కొలది నూలుత్రాడు, నోటుపుస్తకము, వారమునకొక్క సాయంకాలము చాలును. వచ్చు సంక్రాంతి సెలవులకు పట్టణములనుండి మనుమలు, మనుమరాండ్రు ఇండ్లకు వత్తురు. పెట్టె తెఱచి సిద్ధముగా నుంచుడు. పండుగ మూడుదినములలో ఒక్క యుదయము ఊరి గుడి రాతికడకును, పాటిదిబ్బకడకును వారిని నడిపించి, అవి యేమో చెప్పుడు. తెలియనిచో వారితో గలిసి వెదకుడు. అమరావతి పలకలు సున్నమైన కాలమున అట్లు చెప్పువారు ప్రతి యింట నొక్కరున్నచో ఆ స్తూపము నేడు కృష్ణయొడ్డున నిలిచియుండెడిదేమో. మిగిలిన దిబ్బల విషయమున ఆ మాట మన మనుమలచేత ననిపించుకొనకుందుము గాక.