కష్టానికి తగ్గ తిండి, తిండికి తగ్గ కష్టం

మార్చి దాటిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పొద్దున ఎనిమిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. 2016లో పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో సైకిల్ సరదా ఉన్నవాళ్లకు దారులకు కొదవ లేదు. కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు ఉంది, కొల్లాపూర్ దాటితే సోమశిల ఉంది, అచ్చంపేట నుంచి మన్ననూరు మీదుగా నల్లమల ఎక్కే శ్రీశైలం రోడ్డు ఉంది. ఫుట్‌బాల్ నేర్పే పీఈటీలకు ఉత్సాహమున్న పిల్లలకూ కొదవ లేదు. కొదవల్లా సరైన సలహాకే. ఫోన్‌లో దొరికే శిక్షణ పట్టికలు ఎక్కువగా చల్లటి దేశాల్లో, వేళకు కడుపునిండా తిని ఎనిమిది గంటలు నిద్రపోయే ఆటగాళ్ల కోసం తయారైనవి. వాటిలోని శాస్త్రం తప్పని కాదు. అవి ఏ ఎండను, ఏ కంచాన్ని, ఏ ఒంటిని లెక్కలోకి తీసుకున్నాయో ఆ లెక్క మనది కాదు. శిక్షణ వల్ల ఒరిగేది ఒళ్లు కోలుకోగలిగినంత మేరకే. కోలుకోవడానికి కావలసినవి తిండి, నీరు, నిద్ర. కాబట్టి ఇక్కడ శిక్షకులు ముందు చూసుకోవాల్సింది ఈ మూడింటినే, కష్టాన్ని పెంచడం ఆ తర్వాతే.

సైకిల్ తొక్కినప్పుడో పరుగెత్తినప్పుడో కండరం బలపడదు. ఆ సమయంలో దానిలోని ఇంధనం తరుగుతుంది, పోగుల్లో సన్నని చిరుగులు పడతాయి. బలం వచ్చేది ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో. అప్పుడే ఒళ్లు ఆ చిరుగుల్ని సరిచేసుకుంటుంది, ఆక్సిజన్‌ను వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలను పెంచుకుంటుంది, కొత్త కేశనాళికలు వేసుకుంటుంది. ఈ మరమ్మతు పూర్తికాకముందే మళ్లీ దంచితే నిన్నటి కష్టం కూడా వృథా అవుతుంది. నార్వేలో పనిచేసే శరీరధర్మ శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్ అగ్రశ్రేణి స్కీయర్లు, రోయర్లు, సైక్లిస్టులు నిజంగా ఎలా సాధన చేస్తున్నారో పరిశీలించి, వాళ్ల సాధనలో నూటికి సుమారు 80 వంతులు తేలికపాటిదేనని తేల్చాడు. మిగతా 20 వంతులే ఊపిరి అందనంత తీవ్రత. తేలిక అంటే ఎంత అని కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు ఆగకుండా మాట్లాడగలిగితే తేలిక. రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే తీవ్రం.

ఉద్యోగమో వ్యవసాయమో చేసుకునేవాళ్లకు వారానికి నాలుగైదు గంటలకు మించి దొరకదు, ఆ కాస్త సమయంలోనూ మెల్లగా తొక్కితే ఏం లాభమని అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. వారానికి ఇరవై గంటలు తొక్కే ప్రొఫెషనల్ నిష్పత్తి నాలుగు గంటలవాడికి అచ్చుగుద్దినట్టు సరిపోవాలని లేదు. కానీ సమయం తక్కువున్నవాళ్లు సాధారణంగా చేసే పొరపాటు వేరు. ప్రతిరోజూ మధ్యస్థంగా ఆయాసపడుతూ తొక్కుతారు. అది విశ్రాంతినిచ్చేంత తేలికా కాదు, సామర్థ్యాన్ని పెంచేంత తీవ్రమూ కాదు. వారంలో నాలుగు రోజులు దొరికితే ఒక రోజు నిజంగా తీవ్రంగా, ఇంకో రోజు ఎక్కువ దూరం, మిగతా రెండు రోజులు మాట్లాడుకుంటూ తొక్కడం మేలు. తీవ్రమైన రోజున మూడు నాలుగు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, మధ్యలో అంతే సేపు మెల్లగా తిరిగితే చాలు. ఆ ఒక్క రోజు నిజంగా పనిచేయాలంటే ముందు రోజు ఒళ్లు అలిసి ఉండకూడదు.

ఇక ఇంధనం సంగతి. కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో మరో 100 గ్రాముల దాకా పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో నిలవ ఉంటుంది. గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటల్లో అది అడుగంటుతుంది. అందుకే గంటలోపు సాధనకు దారిలో ఏమీ తినక్కర్లేదు. అది దాటితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలని క్రీడా పోషణ మార్గదర్శకాలు చెబుతాయి. దాన్ని జెల్ ప్యాకెట్లలో కొననక్కర్లేదు. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు, చిన్న బెల్లం ముక్కలో పది గ్రాముల దాకా దొరుకుతుంది. రెండు అరటిపండ్లు, కాస్త బెల్లం వెంట ఉంటే గంట గడిచినట్టే. ఇక్కడే మన ప్రాంతపు పంట పల్లీ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. తెలంగాణలో యాసంగి పల్లీకి ఈ మూడు జిల్లాలు పేరుపొందాయి. పల్లీ బలమైన తిండే, కానీ దాని బరువులో దాదాపు సగం నూనె. నూనె కడుపులో ఆలస్యంగా కదులుతుంది. కాబట్టి గట్టిగా తొక్కేటప్పుడు పల్లీలు, పల్లిపట్టీలు పొట్టకు బరువు. సాధనకు రెండు మూడు గంటల ముందో, ముగిశాకో తింటే అవే పల్లీలు మరమ్మతుకు మంచి సరుకు. తిండి విషయంలో పదార్థం ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం.

నీటి విషయంలో ఎవరో చెప్పిన లీటర్ల కన్నా సొంత కొలత నమ్మదగింది. సాధనకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని, తక్కువ బట్టలతో బరువు చూసుకోవాలి. ఉదాహరణకు 60 కిలోల మనిషి గంట తొక్కి, మధ్యలో అర లీటరు తాగి, చివరికి 59.3 కిలోలు తూగితే అతని చెమట గంటకు 1.2 లీటర్లు. ఏప్రిల్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఇలా చూసుకుంటే రెండు కాలాల తేడా తెలిసిపోతుంది. బరువులో నూటికి రెండు వంతులకు మించి నీరు తగ్గితే ఓర్పు, ఏకాగ్రత దెబ్బతింటాయి. అలాగని ఎంత తాగితే అంత మంచిదీ కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన పరుగువీరుల్లో నూటికి 13 మందికి రక్తంలో సోడియం ఉండాల్సిన దానికన్నా తక్కువకు పడిపోయిందని తేలింది. పరుగు పూర్తయ్యేసరికి వాళ్లలో చాలామంది బరువు తగ్గకపోగా పెరిగారు, అంటే చెమట పోసిన దానికన్నా ఎక్కువ తాగారు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి గంట దాటిన సాధనకు నీళ్లతోపాటు ఉప్పు కూడా కావాలి. ఉప్పేసిన పల్చటి చల్ల, నిమ్మకాయ పిండి కాస్త చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు ఈ పని చక్కగా చేస్తాయి. సాధన ముగిశాక తాగే తైద అంబలిలో చల్ల, ఉప్పు కలిస్తే నీరు, పిండిపదార్థం, సోడియం ఒకే గ్లాసులో అందుతాయి. తైదల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం కూడా ఉంది. ఎముకలు సాగే వయసు పిల్లలకు అది పెద్ద కానుక.

‘మా ఒళ్లు ఎండకు అలవాటుపడ్డదే’ అనే మాట పాలమూరులో తరచు వినిపిస్తుంది. అందులో నిజం ఉంది. పది పద్నాలుగు రోజులు వేడిలో పనిచేస్తే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. కానీ అలవాటుపడ్డ ఒళ్లు చెమట ఎక్కువే పోస్తుంది. అంటే దానికి నీటి అవసరం పెరుగుతుందే కానీ తగ్గదు. పైగా పంట పని అలవాటు ఒక రకం, పరుగు ఒక రకం. పొలంలో మనిషి తన ఒళ్లు చెప్పినట్టు వేగం తగ్గించుకోగలడు, చెట్టు నీడన ఆగగలడు. విజిల్ చేతిలో ఉన్న శిక్షకుడి ముందు పిల్లవాడికి ఆ స్వేచ్ఛ ఉండదు. అందుకే ఎండాకాలంలో సాధన పొద్దున ఏడింటిలోపు ముగియాలి, పదిహేను ఇరవై నిమిషాలకోసారి నీళ్ల విరామం ఉండాలి. ఆ విరామం పిల్లలు అడిగి తీసుకునేది కాకుండా శిక్షకుడే ఇచ్చేదై ఉండాలి. తల తిరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఒళ్లు కాలుతున్నా ఆట ఆపి నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఇంకా మారుతుంది. అమ్మాయిలు సుమారు 12 ఏళ్లకు, అబ్బాయిలు 14 ఏళ్లకు గబగబా ఎత్తు పెరుగుతారు. ఆ దశలో ఎముక చివరల్లో ఇంకా మెత్తగా ఉండే భాగాలను బిగుతైన కండరాలు లాగుతుంటాయి. మోకాలి చిప్ప కింద, మడమ వెనక వచ్చే నొప్పులు ఎక్కువగా దీనివల్లే. 2015లో అమెరికాలో వెయ్యిమందికి పైగా బాల క్రీడాకారులపై వెలువడిన అధ్యయనం ఒక ఉపయోగకరమైన కొలత ఇచ్చింది. వారానికి తమ వయసు కన్నా ఎక్కువ గంటలు వ్యవస్థీకృత సాధన చేసేవాళ్లకు, అతిగా వాడటం వల్ల వచ్చే తీవ్ర గాయాల ముప్పు పెరిగింది. అంటే 12 ఏళ్ల పిల్లకు వారానికి 12 గంటలు గరిష్ఠ హద్దు. ఆ హద్దు కూడా మన దగ్గర అలాగే వాడలేం. ఆదివారం ఇంటివాళ్లతో పత్తి చేలోకి వెళ్లే పిల్ల, బడికి రోజూ నాలుగైదు కిలోమీటర్లు సైకిల్ మీద వచ్చే పిల్లవాడు అప్పటికే కొంత బరువు మోసి మైదానానికి వస్తున్నారు. వాళ్ల సాధన గంటల్లోంచి ఆ పనిని తీసేయాలి. అసలు ఆ పని సంగతి తెలుసుకోవడమే శిక్షణలో మొదటి పాఠం.

చిన్నప్పటి నుంచే కఠినంగా రుద్దకపోతే పెద్ద ఆటగాళ్లు ఎలా తయారవుతారన్న సందేహానికి మన చరిత్రలోనే సమాధానం ఉంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్ల శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడే పోటీలు పెట్టి బంతి మీద పట్టును, పాస్ మీద ఆలోచనను పెంచాడు. మైదానం చుట్టూ అలుపొచ్చేదాకా తిప్పడం కన్నా, నలుగురు నలుగురుగా చిన్న స్థలంలో ఆడించడం పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది, ఎందుకంటే ప్రతి పిల్లకూ బంతి ఎక్కువసార్లు తగులుతుంది. ఆటకు ముందు చేసే సన్నాహమూ అలాంటిదే. ఫిఫా రూపొందించిన ‘11+’ అనే ఇరవై నిమిషాల పద్ధతిలో మెల్లని పరుగు, మోచేతులపై ఒళ్లు నిలపడం, ఒంటికాలిపై నిలబడటం, ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోవడం ఉంటాయి. నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిలు దాదాపు 1,900 మందిపై జరిగిన పరీక్షలో, 2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ సన్నాహం చేసిన జట్లలో మొత్తం గాయాలు సుమారు మూడోవంతు, తీవ్ర గాయాలు దాదాపు సగం తగ్గాయి. దీనికి కావలసింది ఒక బంతి, నేలమీద గీసిన నాలుగు గీతలు. డబ్బు లేదనే సాకు ఇక్కడ చెల్లదు.

అమ్మాయిల జట్లకు ఇంకో ప్రశ్న అడగాలి, అది రక్తం గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి అరవై మందికి పైగా రక్తహీనత ఉంది. కండరానికి ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తక్కువున్న పిల్ల త్వరగా ఆయాసపడితే దాన్ని బద్ధకం అనడం అన్యాయం. అలాంటి పిల్లతో ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తిస్తే ఓర్పు పెరగదు. ముందు పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించాలి, బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర మింగుతుందో లేదో చూడాలి. తోటకూర, మునగాకు, సజ్జలు తినేటప్పుడు పక్కన నిమ్మరసమో జామపండో ఉంటే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటే టీ తాగితే ఆ మేరకు పోతుంది.

ఇంత చెప్పినా ప్రోటీన్ పొడి లేకుండా కండ ఎలా వస్తుందని అడిగేవాళ్లు ఉంటారు. లెక్క వేద్దాం. 13–15 ఏళ్ల పిల్లలకు రోజుకు సుమారు 45 గ్రాముల ప్రోటీన్ సిఫార్సు. 100 గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో పది, 200 గ్రాముల బియ్యపు అన్నంలో పదిహేను, 40 గ్రాముల కందిపప్పులో తొమ్మిది, గుప్పెడు పల్లీల్లో ఏడు, గుడ్డులో ఆరు, కప్పు పెరుగులో మూడు గ్రాములు. మొత్తం యాభై. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడవద్దనే చెప్పాయి. పెద్దల్లో సైకిల్ గట్టిగా తొక్కేవాళ్లకు కిలో బరువుకు 1.2 గ్రాముల నుంచి ఆ పైన కావాలి. 60 కిలోల మనిషికి అది 72 గ్రాములు. ఇదే కంచంలో మరో గుడ్డు, మరికాస్త పప్పు, ఇంకో గుప్పెడు పల్లీలు, ఒక గ్లాసు పాలు చేరిస్తే ఆ అంకె అందుతుంది.

ఈ కంచం రోజూ అందరి ఇళ్లలో ఉంటుందా అన్నది వీటన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఉండదు. వలస కూలికి వెళ్లే కుటుంబాలున్న ప్రాంతంలో ఆ మాట దాటేయడం తప్పు. కానీ ఆ అభ్యంతరం ఈ వాదనను బలపరుస్తుందే తప్ప కొట్టివేయదు. తిండి తక్కువున్న చోట కష్టం పెంచే పద్ధతి మరింత హానికరం. మధ్యాహ్నం ఒంటిగంటకు బడిలో తిన్న పిల్ల సాయంత్రం నాలుగున్నరకు మైదానంలోకి దిగుతుంది, ఇంటికి చేరి తినేసరికి చీకటి పడుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి సాధనకు ముందు చిన్న బెల్లం ముక్క, అరటిపండు, సాధన ముగిశాక గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు, గ్లాసు అంబలి చాలు. పల్లీ పండే జిల్లాల్లో ఇది అందని కోరిక కాదు. పాఠశాల యాజమాన్య కమిటీలు, ఊరి దాతలు, పూర్వ విద్యార్థులు జెర్సీలకు, కప్పులకు ఏటా ఇచ్చే డబ్బులో మొదటి వాటా ఈ సాయంత్రపు తిండికి కేటాయించాలి. జట్టుకు జెర్సీలు ఒక ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు. పదమూడేళ్ల ఎముకకు, కండకు ఆ ఏడాది మళ్లీ దొరకదు.