ఎలుకలకు క్యాన్సర్ వచ్చిందన్న మాట ఎంతవరకు నిజం?

అపోహ: మైక్రోవేవ్ తరంగాలతో ఎలుకలకు క్యాన్సర్ వచ్చింది, కాబట్టి ఫోను వాడేవాళ్లకూ వస్తుంది.

వాస్తవం: ఈ ప్రచారానికి ఎక్కువగా ఊతమిచ్చింది అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2018లో వెలువరించిన నివేదికలు. ప్రయోగం కోసం షికాగోలో ప్రత్యేకంగా లోహపు గోడల గదులు కట్టారు. తరంగాలు గోడలకు తగిలి అన్ని వైపుల నుంచీ ఎలుకల మీద పడతాయి. పది నిమిషాలు ఆన్, పది నిమిషాలు ఆఫ్, మొత్తం కలిపి రోజుకు 9 గంటలకు పైనే. తల్లి కడుపులో ఉండగానే మొదలుపెట్టి రెండేళ్ల దాకా సాగించారు. మోతాదు కిలో బరువుకు 1.5 నుంచి 6 వాట్లు, అదీ ఒళ్లంతటికీ. మన దేశంలో ఫోన్లకు గరిష్ఠ పరిమితి 1.6 వాట్లు. దాన్ని లెక్కగట్టేది ఫోను ఆనుకున్న చోట ఒక గ్రాము కణజాలానికే.

మగ ఎలుకల గుండెలో ష్వానోమా అనే కణితులకు "స్పష్టమైన ఆధారం" ఉందని తేల్చారు. మెదడు కణితులకు "కొంత ఆధారం" అన్నారు. ఆడ ఎలుకల్లోనూ చిట్టెలుకల్లోనూ ఏదీ తేటతెల్లం కాలేదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు: తరంగాలు పడిన మగ ఎలుకలే పడనివాటికన్నా ఎక్కువ కాలం బతికాయి. వాటిలో వయసుతో వచ్చే కిడ్నీ జబ్బు తక్కువగా ఉండటం ఇందుకు కారణం కావచ్చన్నారు. ఫోను ఆయుష్షు పెంచుతుందని దీన్నిబట్టి ఎవరూ అనరు కదా! అదే నివేదికలోంచి క్యాన్సర్ ఒక్కదాన్నే ఏరుకోవడం అన్యాయం.

అంతకు ముందూ ఇదే జరిగింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ గై బృందం వంద ఎలుకలను 25 నెలలు తక్కువ మోతాదు మైక్రోవేవ్‌లలో ఉంచింది, మరో వందను ఊరికే ఉంచింది. క్యాన్సర్లు మొదటి గుంపులో 18, రెండో దాంట్లో 5. భయపెట్టే అంకెలే. కానీ ఏ ఒక్క రకం క్యాన్సరూ ప్రత్యేకంగా పెరగలేదు, ఆయుష్షులోనూ తేడా లేదు. నూటయాభైకి పైగా అంశాలు కొలిచినప్పుడు ఒకటో రెండో యాదృచ్ఛికంగా ఎగుడుదిగుడు కావడం మామూలే.

అపోహ: ఈ తరంగాలకు డీఎన్ఏను తెంచే శక్తి లేదు, కాబట్టి ఏ హానీ చేయలేవు.

వాస్తవం: మొదటి సగం నిజం. రసాయన బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తిలో లక్షో వంతు కూడా మైక్రోవేవ్ ఫోటాన్‌కు ఉండదు. అయితే వేడి పుడుతుంది. కంటి కటకంలో ఆ వేడిని మోసుకుపోయే రక్తనాళాలు లేవు. అందుకే ప్రయోగశాలల్లో చదరపు సెంటీమీటరుకు వంద మిల్లీవాట్లకు పైగా తగిలిన కుందేళ్ల కళ్లలో శుక్లాలు వచ్చాయి. షికాగో ఎలుకల విషయాన్ని మాత్రం వేడి ఖాతాలో రాసేసి ఊరుకోలేం, ఒంటి వేడి ఒక డిగ్రీకి మించి పెరగని మోతాదులనే ఎంచుకున్నారు మరి. అందుకే పరిశోధన ఆగకూడదని నా గట్టి అభిప్రాయం. మనుషుల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన 2024 సమీక్షలో ఫోనుకూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు.

అపోహ: వంటింటి ఓవెన్ పక్కన నిలబడితే ఆ కుందేళ్ల గతే మనకూ.

వాస్తవం: ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో లీకేజీ చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదన్నది అమెరికా నిబంధన. దూరం జరిగేకొద్దీ అదీ వేగంగా తగ్గిపోతుంది. తలుపు వంగినా, సరిగా మూసుకోకపోయినా మాత్రం రిపేరు చేయించేదాకా వాడకండి.