నాగండ్ల బిడ్డ పుల్లెల గోపీచందు

గుంటూరు మొదలుకొని ఒంగోలు వరకు పరచుకొనియున్న నల్లరేగడి నేల ప్రత్తికిని, మిరపకును పుట్టినిల్లు. ఒక యేడు పంట చేతికి రాకున్నను మరుసటి యేడు మరల విత్తనము చల్లుట యచ్చటి రైతుకుటుంబములకు వెన్నతో పెట్టిన విద్య. ఆ నేలలో ఇంకొల్లు చెంత నాగండ్ల యను గ్రామము గలదు. పూర్వము ప్రకాశము జిల్లాలోనిదైన యీ గ్రామము 2022వ సంవత్సరమునుండి బాపట్ల జిల్లాలో చేరినది. బ్యాడ్మింటను ఆటలో లోకప్రఖ్యాతి గాంచిన పుల్లెల గోపీచందుగారు 1973 నవంబరు 16వ తేదీన నచ్చటనే జన్మించిరి.

ఆటగాని చరిత్రముతో గృహిణులకు పని యేమని కొందరనవచ్చును. బిడ్డను ఆటకు పంపుదుమా, పుస్తకము ముందు కూర్చుండబెట్టుదుమా యను చిక్కు ముందుగా తల్లియొద్దకే వచ్చును గదా! అందువలననే యీ చరిత్రమును మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

గోపీచందుగారి తండ్రి సుభాస్‌చంద్రబోసుగారు, తల్లి సుబ్బరావమ్మగారు. బాల్యమున ఆయన మనసు క్రికెట్టుపై నుండెను. అన్నగారైన రాజశేఖరుగారి ప్రోత్సాహముచే బ్యాడ్మింటను చేతబట్టిరి. అన్నయు మంచి యాటగాడే. కాని యాతడు ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో నెగ్గి ఆటను విడిచెను. తమ్ముడు ఇంజనీరింగు పరీక్ష తప్పి ఆటలోనే నిలిచెను. చదువున వెనుకబడుటయే తన యదృష్టమైనదని గోపీచందుగారు పలుమార్లు నవ్వుచు చెప్పియున్నారు. అట్లని చదువును గాలికి వదలలేదు. హైదరాబాదులోని ఏ.వి. కళాశాలలో పట్టభద్రులైరి. విద్యార్థిదశలోనే, 1990, 1991 సంవత్సరములలో, భారత విశ్వవిద్యాలయముల సంయుక్త జట్టునకు నాయకత్వము వహించిరి.

1994లో పూనాయందు ఆడుచుండగా మోకాలిలోని ముఖ్యమైన స్నాయువు తెగెను. పరుగే ప్రాణమైన ఆటలో మోకాలు చెడినవాని గతి యేమని వేరుగ చెప్పనక్కరలేదు. పలుమార్లు శస్త్రచికిత్స జరిగెను. ఇరువదియొక్క యేండ్లు నిండని యువకుడు మంచముపై నుండి తన భవిష్యత్తును తలచుకొనవలసిన దినములవి. ఆయన నిరాశకు లోబడలేదు. హైదరాబాదులో ఆరిఫుగారి యొద్ద నేర్చిన విద్యకు బెంగుళూరిలో ప్రకాశ్ పడుకోనెగారి విద్యాలయమున మెరుగుపెట్టుకొనిరి. ధ్యానమునందు ఆయనకు గురి యెక్కువ. మనసును నిలుపుకొనుట దేహమును నిలుపుకొనుట కంటె ముఖ్యమని ఆయన విశ్వాసము. ఆ విశ్వాసమునకు ఫలము త్వరలోనే కనబడెను. 1996 మొదలు 2000 వరకు వరుసగ ఐదు పర్యాయములు జాతీయ విజేత యైరి.

ఇంగ్లండులోని బర్మింగుహామునందు జరుగు ఆల్ ఇంగ్లండు పోటీ ఈ యాటలో మిక్కిలి ప్రాచీనమైనది. 2001 మార్చి మాసమున అచ్చట సెమీఫైనలులో డెన్మార్కు వీరుడగు పీటర్ గేడును, తుదిపోటీలో చీనా దేశీయుడగు చెన్ హాంగును గోపీచందుగారు జయించిరి. తుది లెక్క 15-12, 15-6. అంతకు ముందు 1980లో ప్రకాశ్ పడుకోనెగారు మాత్రమే మన దేశమునకు ఆ కీర్తి తెచ్చియుండిరి. గురువు గెలిచిన కిరీటమును శిష్యుడు ఇరువదియొక్క యేండ్లకు మరల గెలిచెను.

గెలుపు వెంట ధనమును వచ్చెను. ప్రసిద్ధమైన యొక శీతలపానీయమునకు ప్రచారము చేయుమని కోరగా, తాను త్రాగని దానిని, ఆరోగ్యమునకు మేలు గాదని తలచిన దానిని పిల్లలను త్రాగుమనజాలనని నిరాకరించిరి. ఆయన అప్పుడు భాగ్యవంతుడు గాడు. గెలిచిన పతకము కంటె ఈ తిరస్కారమే గొప్పదని మేము తలచుచున్నాము.

2002లో ఆయన పి.వి.వి. లక్ష్మిగారిని వివాహమాడిరి. ఆమెయు 1996లో ఒలింపిక్కు క్రీడలలో మన దేశము పక్షమున బ్యాడ్మింటను ఆడిన విదుషీమణి. తాను పడిన పాట్లు రాబోవు పిల్లలకు తప్పవలెనని గోపీచందుగారు ఒక విద్యాలయము కట్ట సంకల్పించిరి. హైదరాబాదు చెంత గచ్చిబౌలిలో ప్రభుత్వము ఐదెకరముల స్థలము నొసగెను. కట్టడమునకు ధనము చాలక సొంత యిల్లు తాకట్టు పెట్టిరి. ఇల్లు తాకట్టన్న మాట గృహిణి గుండెలో నెట్లు పలుకునో మా పాఠకురాండ్రకు తెలియనిది గాదు. ఆ యింటివారు దానికి సమ్మతించిరి. నిమ్మగడ్డ ప్రసాదుగారు ఐదు కోట్ల రూపాయల నిచ్చి ఆదుకొనిరి. 2008లో విద్యాలయము వెలసెను. దాని నిర్వహణభారమున తల్లి సుబ్బరావమ్మగారును పాలుపంచుకొనిరి.

అచ్చట తరిఫీదు పొందిన సైనా నెహ్వాలు 2012లో లండనునందు కాంస్యపతకము గెలిచి, బ్యాడ్మింటనులో ఒలింపిక్కు పతకము పొందిన తొలి భారతీయురాలైనది. 2016లో రియో నగరమున మన తెలుగుబిడ్డ పి.వి. సింధు రజతపతకము గెలిచినది. ఆ పోటీకి ముందు మూడు మాసములు గురువు ఆమె చేతి ఫోనును తన యొద్దనే యుంచుకొనిరి. గెలిచిన పిమ్మట తిరిగి యిచ్చిరి. గుంటూరు యువకుడు కిదాంబి శ్రీకాంతు 2021లో ప్రపంచపోటీలలో రజతము పొందెను. 2022లో థామస్ కప్పు గెలిచిన భారతజట్టులోను నిలిచెను.

ఇంతటి గురువు 2025లో తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక చేసిరి. ఆస్తియో, కుటుంబవ్యాపారమో లేనివారు పిల్లలను ఆటనే బ్రతుకుతెరువుగ నమ్ముకొననీయరాదని వారి భావము. ఆట ముగిసిన పిదప క్రీడాకారునకు జీవనము, గౌరవము కరవగుచున్నవని వారి యావేదన. ఇల్లు తాకట్టు పెట్టి గెలిచిన మనిషి నోట ఈ మాట వెలువడినది గనుక దీనిని తేలికగ త్రోసివేయరాదు.

అట్లయిన పిల్లలను ఆటకు పంపరాదా? పంపవలెననియే మా యభిప్రాయము. పతకము కొరకు గాదు. ఓడి లేచుట నేర్చుకొనుటకు. ఆటతోపాటు చదువును సాగనిండు. ఎచ్చట ఆపవలెనో ఏటేట బిడ్డతో కూర్చుండి యోచింపుడు. మగపిల్లవానికి దొరకు నాటస్థలము, పాలగ్లాసు, ప్రొద్దుటి తీరిక ఆడపిల్లకును దొరకునట్లు చూడుడు. పదిమంది బిడ్డలలో తొమ్మండుగురు విజేతలు గాకపోవచ్చును. ఆ తొమ్మండుగురును బలమైన దేహముతో, మాటకు నిలుచు బుద్ధితో ఇల్లు చేరిన చాలును. తల్లి పడిన శ్రమ వ్యర్థము గాదు.