మీకు తెలుసా? జింక కండలో తెల్లని దారాలు

• 1843లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో మీషర్ అనే ప్రొఫెసర్ ఒక ఎలుకను కోసి చూస్తే, కండల పొడవునా తెల్లటి సన్నని దారాలు కనిపించాయి. అవి ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. చాలాకాలం వాటిని ‘మీషర్ గొట్టాలు’ అనే పిలిచారు. కండలో తిత్తి కట్టుకుని బతికే ఆ ఏకకణ పరాన్నజీవికి సార్కోసిస్టిస్ అన్న పేరు 1882లో వచ్చింది. పెట్టినవాడు లాంకెస్టర్ అనే ఇంగ్లండు జంతుశాస్త్రవేత్త. అసలు తమాషా ఇది కాదు. ప్రొఫెసర్ గారికి ఆ మరుసటి ఏడే కొడుకు పుట్టాడు. పేరు ఫ్రెడ్రిక్ మీషర్. 1869లో జర్మనీలోని ట్యూబింగెన్ కోటలో, ఒకప్పటి వంటశాలను ప్రయోగశాలగా మార్చిన చోట కూర్చుని, ఆసుపత్రి కట్లకు అంటిన చీములోంచి డీఎన్‌ఏను మొదటిసారి వేరు చేసింది ఆ కొడుకే. ఇవాళ అడవి జింక కండలో ఉన్నది ఏ రకం సార్కోసిస్టిసో తేల్చాలంటే, తండ్రి చూసినదాన్ని కొడుకు కనిపెట్టినదానితో పోల్చి చూడాల్సిందే. ఇదే కథగా రాసి పంపితే, మరీ అతికించినట్టుందని ఏ ఎడిటరైనా తిప్పి పంపేస్తాడు.

• జింక నుంచి జింకకు ఇది నేరుగా అంటదు. మధ్యలో వేటాడే జంతువు ఉండాలి. నక్కో, కుక్కో, తోడేలో విసర్జించిన మలం నుంచి కంటికి కనపడని బీజ సంచులు, స్పోరోసిస్టులు, గడ్డి మీదికీ నీళ్లలోకీ చేరతాయి. జింక మేస్తుంది. లోపలికి వెళ్లినవి పేగు దాటి, రక్తనాళాల లోపలి పొరలో కొన్నాళ్లు సంఖ్య పెంచుకుని, ఆఖరికి కండపోగుల్లో తిత్తులు కట్టుకుంటాయి. అక్కడితో వాటి పని ఆగిపోతుంది. ఆ జింకను ఏ నక్కో తిన్నప్పుడే తరువాతి అంకం. నక్క పేగులో ఆడ, మగ రూపాలు కలిసి మళ్లీ స్పోరోసిస్టులు పుడతాయి. ఈ రెండు జంతువుల మధ్య లంకె మనుషులకు తెలిసింది 1972లో! కుక్కలకూ పిల్లులకూ తిత్తులున్న మాంసం పెట్టి, వాటి మలం పరీక్షించిన జర్మన్ శాస్త్రవేత్తలు ఒకవైపు, పక్షి కండలోని జీవులను గాజు పాత్రలో పెంచిన అమెరికన్ రోనాల్డ్ ఫేయర్ మరోవైపు ముడి విప్పారు. అంటే మీషర్ చూసిన 129 ఏళ్లకు.

• ఐరోపాలో వేటగాళ్లు తెచ్చిన రో జింకల్ని, ఎర్ర జింకల్ని పరీక్షించిన చోటల్లా ఎదిగిన వాటిలో అత్యధికం ఈ తిత్తులతోనే దొరుకుతున్నాయి. అయినా నిక్షేపంగా గెంతుతుంటాయి. కాబట్టి పరీక్ష చేసేవాళ్లకు ‘ఉందా లేదా’ అన్నది పెద్ద ప్రశ్నే కాదు. ఏ జాతి, ఎవరి పేగు నుంచి వచ్చింది, తింటే మనిషికి ఏమవుతుంది అన్నవే ప్రశ్నలు.

• కంటితో చూసి చెప్పేయొచ్చా? జింకల్లో చాలావరకు కుదరదు. కొన్ని జాతుల తిత్తులు మాత్రమే కంటికి ఆనేంత పెరుగుతాయి. గేదెల్లో సంగతి వేరు. వాటికి పట్టే సార్కోసిస్టిస్ ఫ్యూసిఫార్మిస్ అన్నవాహిక కండలో బియ్యపు గింజల్లా తెల్లగా తేలి కనిపిస్తుంది. దాన్ని మోసుకొచ్చేది పిల్లి.

• అన్నిటికంటే చవకైన పరీక్షకు రెండు గాజు పలకలు చాలు. గుండె, నాలుక, విభాజక పటలం, తొడ లాంటి చోట్ల నుంచి గింజంత ముక్కలు కోసి, పలకల మధ్య పెట్టి, వెలుతురు దూసుకుపోయేంత పల్చగా నొక్కుతారు. తక్కువ పవరు మైక్రోస్కోపు కింద ఎర్రటి కండపోగులు సమాంతరంగా పరుచుకుని ఉంటాయి. వాటి నడుమ, వాటి దిశలోనే, పాలిపోయిన సన్నని కదురు ఒకటి. లోపలంతా గరుకుగా, చుట్టూ స్పష్టమైన అంచు. దాన్ని సన్నని సూదులతో పోగుల నుంచి విడదీసి బయటికి లాగాలి. ఇది చెయ్యి తిరిగినవాళ్ల పని. తిత్తి చిరిగిందా, లోపలున్న వంపు తిరిగిన జీవులు, బ్రాడిజోయిట్లు, వేలల్లో బయటికి చిమ్ముతాయి.

• రెండో దారి, జింకను తిన్న నక్క కడుపులో జరిగేదాన్ని గాజు కుప్పెలో జరిపించడం. కండను ఖైమా చేసి పెప్సిన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో, ఒంటి వేడి దగ్గర తిప్పుతూ ఉంచుతారు. కండ కరుగుతుంది, తిత్తి గోడ కరుగుతుంది, బ్రాడిజోయిట్లు మాత్రం తట్టుకుని నిలుస్తాయి. వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదానికి రంగు వేసి చూస్తారు. నొక్కుడు పరీక్షలో తప్పిపోయే కొద్దిపాటి ఇన్ఫెక్షన్ కూడా ఇందులో దొరుకుతుంది. నా లెక్కలో దీనికో పెద్ద లోపం ఉంది. జాతిని పట్టించేది తిత్తి గోడ, ఈ పరీక్ష ముందుగా కరిగించేదేమో దాన్నే.

• ఆ గోడ సంగతి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకగానీ తెలియలేదు. కొన్నిటికి నున్నటి గోడ, కొన్నిటికి వెంట్రుకల్లాంటి మొలకలు, ఇంకొన్నిటికి మొద్దు వేళ్లలాంటివి. భారతదేశంలో పుట్టి, ఇక్కడే పశువైద్యం చదివి, అమెరికా వ్యవసాయ శాఖలో దశాబ్దాలు పనిచేసిన జితేంద్ర ప్రకాశ్ దూబే, స్పీర్, ఫేయర్‌లతో కలిసి 1989లో వెలువరించిన గ్రంథంలో ఈ గోడల్ని 24 రకాలుగా విభజించారు. ఇప్పటికీ జింకల మీద పనిచేసేవాళ్లు ఆ వర్గీకరణతోనే మొదలుపెడతారు.

• అయితే వేర్వేరు జాతుల గోడలు ఒకేలా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. అక్కడ డీఎన్‌ఏ పరీక్ష, పీసీఆర్, రంగంలోకి దిగుతుంది. మొదట్లో అందరూ 18ఎస్ అనే జన్యువునే చదివేవారు. దగ్గరి బంధువుల మధ్య అది అంతగా తేడా చూపదు. నార్వే పరిశోధకుడు బ్యోర్న్ యెర్డె 2013లో కాక్స్1 అనే మైటోకాండ్రియా జన్యువును ముందుకు తెచ్చాక, కలగలిసిపోయిన జాతులు విడివిడిగా తేలాయి.

• మూస్ అనే పెద్ద జింక కండలో ఉండే సార్కోసిస్టిస్ ఓవాలిస్‌ను మోసుకొచ్చేది ఎవరు? నక్క అనుకుంటాం. కాదు, కాకి కులం! మ్యాగ్‌పై పక్షుల పేగులో దొరికిన జీవుల డీఎన్‌ఏ, మూస్ కండలోని తిత్తి డీఎన్‌ఏతో సరిపోయిందని యెర్డె, డాల్‌గ్రెన్ 2010లో ప్రకటించారు. కళేబరాన్ని పొడుచుకు తినే పక్షి కూడా ఈ గొలుసులో కొసన ఉండగలదన్నమాట.

• జపాన్‌లో గుర్రం మాంసం పచ్చిగా తినే అలవాటుంది. తిన్న కొన్ని గంటలకే వాంతులు, విరేచనాలు పట్టుకున్న కేసుల్లో దోషి గుర్రపు కండలోని సార్కోసిస్టిస్ ఫాయెరీ అని 2011 ప్రాంతంలో తేల్చారు. మైనస్ 20 డిగ్రీల్లో 48 గంటలు గడ్డకట్టిస్తే అది చస్తుంది. సికా జింక మాంసం పచ్చిగా తిన్నవాళ్లలోనూ ఇలాంటి బాధలే బయటపడ్డాయి. అడవి మాంసానికి అక్కడి ఆరోగ్య శాఖ చెప్పే నియమం: ముక్క నడిమధ్యన 75 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగలాలి. మన ఇళ్లలో మాంసం ఉడికే తీరుకు అది లెక్కలోకే రాదు.

• మన అడవుల్లో ఈ నాటకంలో పాత్రధారులు దుప్పి, రేచుకుక్క. దక్షిణ భారత అడవుల్లో ఆ రెండింటి మధ్య తిరిగే సార్కోసిస్టిస్ మీద పుణెకు చెందిన మిలింద్ వాట్వే బృందం 2003లో, 2005లో పరిశోధనలు ప్రచురించింది. రెండోదాంట్లో వాళ్లు అడిగిన ప్రశ్న: ఈ పరాన్నజీవికీ, వేటాడే రేచుకుక్కకూ మధ్య ఒకరికొకరు మేలు చేసుకునే పొత్తు పరిణామ క్రమంలో ఏ పరిస్థితుల్లో నిలబడగలదు? ఇక్కడ ఐరోపాలోలాగా వేటగాళ్ల సంచుల్లోంచి నమూనాలు రావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పిని చంపడం, దాని మాంసం దగ్గర ఉంచుకోవడం నేరం. అందుకని పరిశోధకుడికి మిగిలేది అడవి బాటల మీద ఎండిన రేచుకుక్క మలం, వేటాడే జంతువులు సగం తిని వదిలేసిన కళేబరం. అది కూడా అటవీ శాఖ అనుమతి చేతికొచ్చాకే.